కంపైలర్ ఒప్పుకుంది, రైతు ఒప్పుకోలేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఇప్పటి ప్రోగ్రామింగ్ భాషల్లో టైప్ సేఫ్టీ ఎక్కువైపోయి కుర్రాళ్లు ఆలోచించడం మానేస్తున్నారనీ, తప్పుంటే కంపైలరే (మనం రాసిన కోడ్‌ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్) పట్టుకుంటుందిలే అన్న ధీమాతో అజాగ్రత్తగా కోడ్ రాస్తున్నారనీ అందులో రాశారు. హెల్మెట్ పెట్టుకున్నవాడు బండి ఇంకాస్త స్పీడుగా తోలతాడని ఒక పోలిక కూడా చెప్పారు. చదవగానే నాకు సంతోషం వేసింది, ఎందుకంటే ఇదే మాట నేను మా మేనల్లుణ్ని మూడేళ్లుగా అంటున్నాను. ఆ పేజీ చింపి వాడి కీబోర్డు మీద పెట్టాను కూడా. ఆ తర్వాత మా ఆఫీసులో ఒక సంగతి బయటపడింది. దాంతో ఆ సంతోషం పోయింది. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. పొడుగనిపిస్తే మధ్యలో ఎక్కడైనా కత్తిరించుకోండి గానీ చివర మాత్రం ఉంచండి.

నేను పాలకొల్లులో 1994 నుంచి బిల్లింగ్ ప్రోగ్రాములు రాసి అమ్ముకుంటున్నాను. రైస్ మిల్లులు, ఎరువుల షాపులు, కొబ్బరికాయల కొట్లు, ఇప్పుడు ఎక్కువగా రొయ్యల కొనుగోలు కేంద్రాలు. కంపెనీ అనడానికేమీ లేదు: నేను, మా మేనల్లుడు, ప్రింటర్లు బాగుచేసే ఒక కుర్రాడు. నేను బి.కాం. వాణ్ని. రాజమండ్రిలో ఆరు నెలలు ఫాక్స్‌ప్రో అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని వ్యాపారంలోకి దిగాను. తర్వాత విజువల్ బేసిక్ 6, ఇప్పుడు సి షార్ప్. సి షార్ప్‌లోకి మారింది నా ఇష్టంతో కాదు. మేనల్లుడు ఇంజనీరింగ్ చదివి వచ్చి, ‘మావయ్యా, మీ పాత కోడ్ ముట్టుకోవాలంటేనే భయమేస్తోంది’ అన్నాక మారాం.

టైప్ అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. తెలుగులో దాన్ని రకం అనొచ్చు. మా జిల్లాలో రకం అనగానే గుర్తొచ్చేది వరి రకం. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎంటీయూ 7029, అదే స్వర్ణ. ఎంటీయూ 2077, అదే కృష్ణవేణి. పేర్లున్నా మిల్లుల్లో నంబర్లతోనే పిలుస్తారు. చూడ్డానికి అవి సంఖ్యలే. కానీ 7029కీ 2077కీ కూడిక వేసి 9106 అని చెప్పే రైతు ఈ డెల్టా మొత్తంలో మీకు దొరకడు. నా ప్రోగ్రాం చెప్పింది. 1995లో ఒక మిల్లుకి ఇచ్చిన మొట్టమొదటి రిపోర్టులో బస్తాల మొత్తం, కేజీల మొత్తం, డబ్బు మొత్తం, వాటి పక్కనే రకాల నంబర్ల మొత్తం కూడా అడుగున గీత గీసి మరీ అచ్చయింది. ఆ మిల్లు ఆసామి ఆ కాగితాన్ని చాలాకాలం గల్లాపెట్టె వెనక గోడకి అంటించి ఉంచారు, వచ్చినవాళ్లకి చూపించి నవ్వుకోవడానికి.

టైప్ సేఫ్టీ ఉన్న భాషలో ఇది పేరు, ఇది తేదీ, ఇది సంఖ్య అని ముందుగా చెప్పుకోవాలి. చెప్పాక పేరుని రేటుతో గుణించబోతే ప్రోగ్రాం నడవకముందే కంపైలర్ అడ్డం పడుతుంది. జావా, సి షార్ప్, రస్ట్ ఈ కోవలోవి. పైథాన్, జావాస్క్రిప్ట్ అలా ముందుగా ఏమీ అడగవు, నడిచేటప్పుడు చూసుకుంటాయి. అందులోనూ జావాస్క్రిప్ట్‌కి మొహమాటం ఎక్కువ. అక్షరాలుగా ఉన్న 10కి అక్షరాలుగా ఉన్న 5 కలపమంటే 105 అంటుంది, అదే తీసెయ్యమంటే బుద్ధిగా 5 అంటుంది. రవాణా ఖర్చు కలిపే చోట ఇలా జరిగితే బిల్లు ఎలా ఉంటుందో ఊహించుకోండి. కంప్యూటర్ కోర్సు చేయనివాళ్లు కూడా దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. ఎక్సెల్‌లో మీ పొలం సర్వే నంబరు 7/2 అని కొట్టండి, అది ఫిబ్రవరి 7వ తేదీ అయి కూర్చుంటుంది. ఆ గడిలో అక్షరాలు ఉంటాయని ముందుగా చెప్పకపోతే అంతే.

పైథాన్‌లాంటి భాషలే మనిషిని మెలకువగా ఉంచుతాయని మీ వ్యాసకర్త అన్నారు. ఆ భాషల వాళ్లే మరి టైపులు కావాలని ఎందుకు వెతుక్కున్నట్టు? జావాస్క్రిప్ట్ మీద టైపులు కప్పి మైక్రోసాఫ్ట్ 2012లో టైప్‌స్క్రిప్ట్ తెచ్చింది, ఈరోజు జావాస్క్రిప్ట్‌తో చేసే పెద్ద ప్రాజెక్టులు చాలా అందులోనే రాస్తున్నారు. పైథాన్‌కి కూడా 2015లో 3.5 వెర్షన్‌తో టైపులు రాసుకునే సదుపాయం వచ్చింది. కంచె లేని పొలంలో ఏళ్ల తరబడి కాపలా కాసినవాళ్లే కంచె కావాలన్నారు. వాళ్లని బద్ధకస్తులని నేను అనలేను.

అలాగని వ్యాసం మొత్తం తప్పని కూడా అనలేను. మా దగ్గర జరిగింది చెబుతాను.

రొయ్యల వ్యాపారంలో కౌంట్ అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 30 కౌంట్ అంటే కేజీకి 30, పెద్ద రొయ్య, మంచి రేటు. 100 కౌంట్ అంటే చిన్న రొయ్య. అంకె పెరిగేకొద్దీ ధర పడిపోతుంది. ఇది చెరువు గట్టు మీద పుట్టి పెరిగిన పిల్లలకి చెప్పక్కర్లేదు, హైదరాబాద్‌లో కూర్చుని రాసేవాడికి మూడుసార్లు చెప్పాలి. రెండేళ్ల కిందట మేనల్లుడు కొనుగోలు కేంద్రం ప్రోగ్రాం మొత్తం సి షార్ప్‌లో కొత్తగా రాశాడు. ధర కట్టే ఫంక్షన్‌కి, అంటే ఆ లెక్క చేసే కోడ్ ముక్కకి, రెండు విలువలు ఇవ్వాలి, ముందు కౌంట్, తర్వాత కేజీలు. రెండింటికీ వాడు పెట్టిన టైప్ ఒక్కటే: సంఖ్య.

పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టడం, జరిగేటప్పుడు పెద్ద కాటాలు అయిపోయాక అడుగున కొంత సరుకు మిగులుతుంది. దాన్ని విడిగా తూచి ఇంకో స్క్రీన్లో కొడతారు. ఆ ఒక్క స్క్రీన్లో వాడు ఆ రెండింటినీ తారుమారు చేశాడు. 600 కేజీల లాటు అయితే 600 కౌంట్ అని వచ్చి అక్కడికక్కడే దొరికిపోయేది. మిగులు సరుకు కాబట్టి దొరకలేదు. ఒక రైతుకి 60 కేజీల 50 కౌంట్ రొయ్య కాస్తా బిల్లులో 50 కేజీల 60 కౌంట్ అయింది. పది కేజీలు మాయం, దానికి తోడు రేటూ తగ్గింది. కంపైలర్‌కి ఏ అభ్యంతరమూ లేదు. సంఖ్య అడిగింది, సంఖ్య ఇచ్చారు.

పట్టుకున్నది ఆ రైతే. చిన్న డైరీలో పెన్సిల్‌తో రాసుకున్న లెక్క పట్టుకుని కొనుగోలు కేంద్రం వాళ్లతో పాటు నేరుగా మా ఆఫీసుకే వచ్చేశాడు. ‘ఏవండీ, చెరువు కాడ యాభై కౌంటున్న రొయ్య మీ బిల్లులోకొచ్చేసరికి అరవై కౌంటైపోయిందేంటండీ? దార్లో చిక్కిపోయిందా అండీ?’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు తల కొట్టేసినట్టయింది. మేనల్లుడు కోడ్ తెరిచి చూసి, రంగు మారిన మొహంతో, ‘కంపైల్ అయింది కదా మావయ్యా, ఒక్క వార్నింగ్ కూడా రాలేదు’ అన్నాడు.

ఆ మాటని నేను ఊరంతా చెప్పుకున్నాను. మీ వ్యాసం నచ్చిందీ అందుకే. కానీ చెప్పుకోని మాట ఒకటుంది. పాత పద్ధతిలో నేను ఏ ప్రోగ్రాం ఇచ్చినా, ముందు ఒక రోజు బిల్లు పుస్తకం తెచ్చుకుని, ప్రతి స్లిప్పూ మళ్లీ కొట్టి, చేత్తో వేసిన లెక్కతో పైసలతో సహా సరిచూసేవాణ్ని. దానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టేది. ఈ ప్రోగ్రాంకి ఆ పని చేయలేదు. చేద్దామని మేనల్లుడు అడిగాడు. పట్టుబడులు జోరు మీదున్నాయి, అవతల ఫోన్ల మీద ఫోన్లు, టెన్షన్. ‘కొత్త భాష కదరా, తప్పులుంటే అదే చెబుతుందన్నావుగా, ఈరోజే ఎక్కించెయ్’ అన్నది నేను. భాష మాకు ఒక రోజు మిగిల్చింది. ఆ రోజుని నేను అమ్ముకున్నాను. అజాగ్రత్త ఎవరిదో మీ వ్యాసకర్తే చెప్పాలి.

ఇది మా చిన్న కొట్లోనే జరిగిందనుకోవద్దు. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఆరియన్ 5 రాకెట్ మొదటి ప్రయోగంలోనే, ఇంజను అంటుకున్న 37 సెకన్లకే దారి తప్పి పేలిపోయింది. ఆ ప్రోగ్రాం రాసింది అడా భాషలో. టైపుల విషయంలో అంత పట్టుదల ఉన్న భాషలు తక్కువ. ఆరియన్ 4లో బాగా పనిచేసిన కోడ్ ముక్కనే ఆరియన్ 5లోనూ పెట్టారు. 64 బిట్ల సంఖ్యని 16 బిట్లలోకి మార్చే చోట, అంటే 32,767 దాటితే పట్టని గిన్నెలో పోసే చోట, కొత్త రాకెట్ అడ్డంగా వెళ్లే వేగం ఎక్కువ కావడంతో సంఖ్య పొర్లిపోయింది. అలాంటి ఏడు విలువల్లో నాలుగింటికి కాపలా పెట్టి మూడింటికి పెట్టలేదు. మరిచిపోయి కాదు, ప్రాసెసర్ మీద భారం పెరుగుతుందని లెక్కచూసుకుని వదిలేశారు. ఆ లెక్క ఆరియన్ 4 వేగానికి సరైనదే. ఇది పాడైతే అది ఉంటుందని పెట్టిన రెండో కంప్యూటర్లోనూ అదే ప్రోగ్రాం, కాబట్టి అదీ అదే చోట పడిపోయింది. కొత్త రాకెట్ వెళ్లే దారి అంకెలతో ఒక్కసారి నడిపి చూసినా బయటపడేదని తర్వాత విచారణలో తేలింది. వాళ్లూ ఒక రోజు మిగుల్చుకున్నారన్నమాట.

అంగారకుడి దగ్గర 1999 సెప్టెంబరు 23న పోయిన నాసా వ్యోమనౌక కథ మాకు ఇంకా దగ్గరది. ఒక ప్రోగ్రాం పౌండ్ల లెక్కలో తోపు విలువలు పంపితే, అందుకున్న ప్రోగ్రాం వాటిని న్యూటన్ల లెక్కనుకుంది. 4.45 రెట్లు తేడా. రెండు వైపులా అవి సంఖ్యలే. గోదావరి వాళ్లకి దీన్ని అర్థం చేసుకోవడానికి అంగారకుడి దాకా వెళ్లక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 11.75కి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అడుగులని మేము ఎవరమూ పలకం, అందరికీ తెలుసు కాబట్టి. కేంద్ర జలసంఘం వాళ్ల బులెటిన్లలో నీటిమట్టం మీటర్లలో ఉంటుంది. ఉత్త 13.75 అని కాగితం మీద రాసి ఎక్కడో ఢిల్లీలో కూర్చున్న మనిషికి ఇస్తే, అతనికి గోదావరి ఎంతుందో తెలిసినట్టా తెలియనట్టా?

అందుకే నా అభ్యంతరం వ్యాసంలోని మొదటి వాక్యంతోనే. టైపులు ఎక్కువై కుర్రాళ్లు పాడవుతున్నారన్నారు. నేను చూసినంతలో టైపులు తక్కువై పాడవుతున్నారు. సి షార్ప్‌లో రాస్తున్నామంటారు గానీ, కౌంటూ సంఖ్యే, కేజీలూ సంఖ్యే, రూపాయలూ సంఖ్యే, బస్తాలూ సంఖ్యే. పేరూ అక్షరాలే, ఫోన్ నంబరూ అక్షరాలే, చిరునామా కూడా అంతే. అన్ని బస్తాలకీ ఒకే గుర్తు వేసి గోదాములో పడేసి, ఏ బస్తాలో ఏముందో గోదాము చెప్పలేదని తిట్టడంలాంటిది. భాష ఇచ్చిన సదుపాయంలో పదో వంతు వాడి, పూర్తి కాపలా ఉందనుకుంటున్నారు. ఎఫ్ షార్ప్ అనే భాషలో కొలతల్ని భాషలోనే రాసుకోవచ్చని, అడుగులకి మీటర్లు కలపబోతే అది ఒప్పుకోదని మేనల్లుడు చెప్పాడు. చూశాను, నిజమే.

మా దగ్గరికి ఇంటర్న్‌షిప్‌కని ఇంజనీరింగ్ పిల్లలు వస్తుంటారు. వాళ్లలో కనిపించే ఒక అలవాటు చెప్పాలి, ఇక్కడ మాత్రం వ్యాసకర్తది నూటికి నూరుపాళ్లు నిజం. ఏమీ లేదు అని చెప్పే ఖాళీ విలువ ఒకటుంది, నల్ అంటారు. 1965లో దాన్ని ఒక భాషలో పెట్టిన టోనీ హోర్ గారే తర్వాత అది తాను చేసిన వంద కోట్ల డాలర్ల పొరపాటని ఒప్పుకున్నారు. 2019లో సి షార్ప్ 8 వచ్చాక, ఇక్కడ ఖాళీ రావచ్చు జాగ్రత్త అని కంపైలర్ ముందుగానే హెచ్చరించే ఏర్పాటు చేశారు. చాలా మంచి ఏర్పాటు. దాంతో పాటే ఒక తలుపు కూడా ఉంచారు. ఆ చోట ఆశ్చర్యార్థకం గుర్తు ఒకటి పెడితే, నాకు తెలుసులే నోరు మూసుకో అన్నట్టు, కంపైలర్ ఊరుకుంటుంది. పోయినేడాది వచ్చిన ఒక కుర్రాడి కోడ్ చూస్తే కథల పుస్తకంలా వరుసకి రెండు ఆశ్చర్యార్థకాలు. ఏంట్రా ఇన్ని అంటే, ‘పచ్చగీతలు పోవడానికండీ’ అన్నాడు. వాడికి హెచ్చరిక ఒక సమాచారం కాదు, స్క్రీన్ మీద మరక.

వాణ్ని తిట్టబోయి ఆగాను. విజువల్ బేసిక్ రోజుల్లో నేను చేసింది గుర్తొచ్చింది. అందులో ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అని ఒక వాక్యం ఉండేది. ఏ తప్పు వచ్చినా ఏమీ జరగనట్టు తర్వాతి లైనుకి వెళ్లిపొమ్మని అర్థం. కస్టమర్ ముందు ఎర్రర్ బొమ్మ రాకూడదని నేను ప్రతి ఫంక్షన్ మొదట్లోనూ, ఇంటి గుమ్మానికి మామిడి తోరణం కట్టినట్టు, అది కట్టేవాణ్ని. ఒక ఎరువుల షాపులో స్టాకు ఆరు నెలలు తప్పు చూపించింది. ఎర్రర్ మాత్రం ఒక్కటీ రాలేదు.

అంతకు ముందు ఫాక్స్‌ప్రో కాలం మరీను. అందులో ఒక పేరుకి విలువ పెట్టేటప్పుడు స్పెల్లింగ్ తప్పితే, ఆ తప్పు పేరుతో కొత్త డబ్బా ఒకటి కిమ్మనకుండా తయారయ్యేది. 1997లో సంక్రాంతి ముందు రేటు మారిందని మార్చాను. ఒక అక్షరం తప్పు పడింది. కొత్త రేటు కొత్త డబ్బాలోకి వెళ్లి కూర్చుంది, బిల్లులు మూడు రోజులు పాత రేటుతోనే వచ్చాయి. మిల్లు గుమాస్తా కనిపెట్టి అర్ధరాత్రి మనిషిని పంపాడు. కాబట్టి ఆ రోజుల్లో మేము ఎంతో జాగ్రత్తగా ఉండేవాళ్లమని చెప్పుకునేటప్పుడు గొంతు కొంచెం తగ్గించుకోవాలి. మాది జాగ్రత్త అనడం కంటే భయం అనడం సరి. ఆ భయంలో ఎక్కువ భాగం స్పెల్లింగుల మీద ఖర్చయిపోయేది. తెల్లవారుజామున రెండింటికి కళ్లు మూతలు పడుతుంటే రేటు అన్న మాట సరిగ్గా రాశానా లేదా అని చూసుకోవడం గొప్ప మేధస్సేమీ కాదు. ఆ పని యంత్రం చేస్తానంటే నాకు ఏ బాధా లేదు.

ఏటిగట్టు సంగతి కూడా ఒకటి రాయాలి, హెల్మెట్ పోలిక కంటే మాకు ఇది నప్పుతుంది. మా అమ్మమ్మగారి ఊరు ఆచంట వైపు, గోదావరి పాయ వశిష్ఠ గట్టు పక్కన. 1986 ఆగస్టు వరదలో గట్లు తెగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అప్పటిదాకా ఆ ఊళ్లో విత్తనాలు అటక మీదే ఉండేవి, వర్షాకాలంలో వంతులవారీగా లాంతరు పట్టుకుని గట్టు తిరిగేవారు. వరద తర్వాత గట్టు ఎత్తు పెంచారు, బలం చేశారు. మెల్లగా అటకలు పోయాయి. గట్టు కిందే పునాదులు తగ్గించి మేడలు లేచాయి. గట్టు తిరగడం లస్కరు (గట్టు కాపలా ఉద్యోగి) పనిలే అనుకున్నారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిందని టీవీలో చెప్పిన రాత్రి, ఊరు ఊరంతా ఇసుక బస్తాలతో మళ్లీ గట్టెక్కింది. అప్పుడు చూస్తే గట్టు మీద ఎలుక బొరియలు ఎక్కడెక్కడున్నాయో చెప్పగలిగినవాళ్లు నలుగురు ముసలాళ్లే. కాబట్టి గట్టు మనిషికి ధీమా ఇస్తుందన్న మాట నేను కొట్టిపారేయను. అయితే ఆ రాత్రి ఇసుక బస్తా మోస్తున్న ఏ ఒక్కడూ ఈ గట్టు వేయకపోయుంటే మనం ఇంకా మెలకువగా ఉండేవాళ్లం అనలేదు.

ఇక మీ వ్యాసం నేను మేనల్లుడి కీబోర్డు మీద పెట్టాక జరిగింది.

వాడు చదివి ఏమీ అనలేదు. రొయ్యల బిల్లు గొడవ వాడి మనసులో అలాగే ఉంది. ఆ వారమంతా ఆఫీసు మూసేశాక కూర్చుని, ప్రోగ్రాముల్లో కొలతలన్నింటికీ వేర్వేరు టైపులు కట్టాడు. కౌంట్ ఒక టైపు, కేజీ ఒక టైపు, బస్తా ఒకటి, రూపాయి ఒకటి, శాతం ఒకటి. కేజీకి కేజీ కలపొచ్చు, కేజీలోంచి శాతం తీయడానికి వీల్లేదు. రొయ్యల ప్రోగ్రాం శుభ్రంగా కంపైల్ అయింది. మిల్లుల ప్రోగ్రాం కాలేదు, పదకొండు చోట్ల ఆగింది. తొమ్మిది చోట్ల ఏమీ లేదు, టైపు పేరు రాయడం మరిచిపోయాడంతే. పదోది ఒక రిపోర్టులో హెడ్డింగు తేడా. పదకొండోది చూపించడానికి నన్ను పిలిచాడు.

ధాన్యంలో తేమ 17 శాతం దాటితే మిల్లులో తరుగు తీస్తారు. రెండు శాతం తరుగంటే క్వింటాలుకి రెండు కేజీలు. క్వింటాలు దగ్గర శాతమూ కేజీలూ ఒకే అంకె. కానీ మా వైపు ధాన్యం బస్తా 75 కేజీలు. బస్తాకి రెండు శాతం అంటే కేజీన్నర. విడి బస్తాల స్క్రీన్లో, బస్తా బరువులోంచి శాతం అంకెనే నేరుగా కేజీలుగా తీసేస్తున్న లైను ఒకటి ఉంది. కేజీన్నర పోవలసిన చోట రెండు కేజీలు. లారీ లోడులకి ఈ గొడవ లేదు, వాటిని మొత్తం బరువు మీద వేరేచోట సరిగ్గానే కడుతున్నాం. విడి బస్తాల స్క్రీన్ వాడేది పదో ఇరవయ్యో బస్తాలు ట్రక్ ఆటోలో వేసుకొచ్చే చిన్న రైతులకి, ఎక్కువగా కౌలు రైతులకి.

ఆ లైను మేనల్లుడు రాసింది కాదు, విజువల్ బేసిక్‌లోంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్నాడు. విజువల్ బేసిక్‌లోకి నేను ఫాక్స్‌ప్రోలోంచి తెచ్చాను. ఫాక్స్‌ప్రోలో రాసింది 1998లో, నేనే. పక్కన నా ఇంగ్లీషులో సరిచూశాను అని కామెంట్ కూడా ఉంది. సరిచూసిన మాట నిజం. పగలూ రాత్రీ కూర్చుని స్లిప్పులన్నీ కొట్టాను. ఆ స్లిప్పులన్నీ లారీ లోడులవి. పది బస్తాల బిల్లులు సరిచూడ్డానికి ఎంచుకోలేదు, చిన్నవి కదా అని.

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదా అంటే, అడిగే ఉంటారు. తరుగు ఎక్కువ పోయిందని రైతు గొణిగితే గుమాస్తా కంప్యూటర్ వైపు వేలు చూపించడం నేను కళ్లారా చూశాను. ‘అది మిషను లెక్కండీ, దానికి నువ్వొకటీ నేనొకటీనా’ అనేవాడు. నాకు అప్పట్లో అది పొగడ్తలా వినిపించింది.

ఆ స్క్రీన్ ఇప్పుడు మూడు మిల్లులు వాడుతున్నాయి. మూడింటికీ వెళ్లి చెప్పాను. ఒకాయన అప్పటికప్పుడు సరిచేయించుకుని కాఫీ ఇచ్చి పంపారు, పాతదాని గురించి మాట్లాడలేదు. ఇంకొకాయన ‘ఎవరూ అడగనిది ఇప్పుడు కెలకడం దేనికండీ’ అన్నారు. మూడో ఆయన మాత్రం మొన్నటి దాళ్వా (రెండో పంట) లెక్క తీయమన్నారు. తీస్తే నలభై ఒక్కమంది తేలారు. ఒక్కొక్కరికి నూటయాభై నుంచి నాలుగొందల రూపాయలు రావాలి. సగం ఆయన ఇస్తానన్నారు, సగం నేను ఇస్తున్నాను. నలభై ఒక్కమందిలో ముప్ఫైమూడు మందికి అందింది, మిగతావాళ్ల కోసం కబురు పెట్టాం.

అంతకు ముందువి విజువల్ బేసిక్ నాటి డేటా ఒక పాత హార్డ్‌డిస్క్‌లో ఉంది, అది తెరుచుకుంది. 1998 నుంచి 2003 వరకు ఉన్నవి ఫ్లాపీల మీద ఉన్నాయి. బూజు పట్టాయి గానీ పేర్లు రాసిన చీటీలు మాత్రం చెక్కుచెదరలేదు. చదవడానికి ఫ్లాపీ డ్రైవ్ దొరకడం లేదు. భీమవరంలో పాత కంప్యూటర్లు కొనే షాపులో ఒకటి ఉందని చెప్పారు, రేపు పొద్దున్న బస్సుకి వెళ్తున్నాను. మీ పాఠకుల్లో ఎవరి దగ్గరైనా పనిచేసే మూడున్నర అంగుళాల డ్రైవ్ ఉంటే మీ కార్యాలయానికి తెలియజేయగలరు, నేను వచ్చి తీసుకుంటాను.

ఇట్లు,
పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు
(నా పేరు అచ్చు వేయవద్దని మనవి. వేస్తే మిల్లులవి కూడా తెలిసిపోతాయి.)